అన్నిటికీ 'విచిత్రం' అని రాయించకు

లీడ్స్, ఇంగ్లండ్

అక్కా,

ఆడ్, ఫన్నీ, పిక్యూలియర్, ఎక్సెంట్రిక్ అన్నిటికీ గైడులో 'విచిత్రమైన' అనే అచ్చేశారని, తొమ్మిదో తరగతి పిల్లలకు తేడా ఎలా చెప్పాలని అడిగావు. పర్యాయపదాల పట్టిక మాత్రం ఇవ్వకు. ఏ మాట దేని పక్కన ఇముడుతుంది, దాన్ని మనిషి మొహం మీద అనొచ్చా లేదా, ఈ రెండూ చెప్పు. తప్పులన్నీ అక్కడే జరుగుతాయి.

ఆడ్‌తో మొదలుపెట్టు. సరి, బేసి పిల్లలకు లెక్కల్లో వచ్చినవే. స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలో ఈ మాటకు త్రిభుజపు మొన అని అర్థం: కింది రెండు మూలలూ జత, పైది ఒంటరి. జత కుదరకపోవడమే ఈ మాటకు ప్రాణం. అందుకే జత పోయిన సాక్సు 'ఆడ్ సాక్'. 'ది ఆడ్ కప్ ఆఫ్ టీ' అంటే వింత టీ కాదు, ఎప్పుడైనా ఒకసారి తాగే టీ. బోర్డు మీద 'ట్వంటీ ఆడ్ గెస్ట్స్' అని రాసి చూపించు. గీత లేకపోతే వచ్చిన ఇరవైమందీ తేడా మనుషులు. ట్వంటీకీ ఆడ్‌కీ మధ్య చిన్న అడ్డగీత పెడితే ఇరవై చిల్లర మంది. పెళ్లి కబురు రాసేటప్పుడు ఆ గీత మరిచిపోతే చుట్టాలకు కోపం వస్తుంది.

ఫన్నీ అంటే నవ్వు ఒక్కటే అనుకుంటారు మనవాళ్లు. పాలు ఫన్నీగా వాసన వేస్తున్నాయంటే పాడయ్యాయని. 'ఐ ఫీల్ ఫన్నీ' అంటే ఒంట్లో అదోలా ఉందని. విన్నవాళ్లు నవ్వకూడదు, కుర్చీ వేయాలి. 'ఫన్నీ బిజినెస్' అంటే గోల్‌మాల్. ఈ గందరగోళం ఇక్కడివాళ్లకూ ఉంది కాబట్టే ఎవరైనా ఫన్నీ అంటే 'హా హా ఫన్నీనా, పిక్యూలియర్ ఫన్నీనా', అంటే నవ్వొచ్చేదా, వింతైనదా అని అడుగుతారు. 'ఫనిలీ ఇనఫ్' అని వాక్యం మొదలుపెడితే అది అచ్చంగా మన 'తమాషా ఏమిటంటే'.

పిక్యూలియర్ దగ్గర కాస్త ఆగు. లాటిన్‌లో పెకు అంటే పశువులు. మన పశు శబ్దమూ అదీ ఒకే మూలం నుంచి వచ్చాయి. పశువులే ఆస్తిగా ఉన్న కాలంలో పుట్టిన మాట కనుక మొదటి అర్థం 'సొంత ఆస్తి', తర్వాత 'ఆ ఒక్కరికే చెందినది', చివరికి 'మామూలుగా లేనిది'. పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది: లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీని 'రాయల్ పిక్యూలియర్' అంటారు. వింత చర్చి అని కాదు, బిషప్ అజమాయిషీలో కాకుండా నేరుగా రాజు కింద ఉంటుందని. దీని పక్కన 'టు' వస్తే అర్థం 'అక్కడ మాత్రమే ఉండేది'. 'దిస్ కస్టమ్ ఈజ్ పిక్యూలియర్ టు అవర్ విలేజ్' అన్న వాక్యానికి పిల్లలు 'ఈ ఆచారం మా ఊరికి వింత' అని రాస్తారు. అది పూర్తిగా తిరగబడిన అర్థం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎక్సెంట్రిక్. గ్రీకు కెంట్రాన్ నుంచే మనకు సంస్కృతం ద్వారా కేంద్రం వచ్చింది. ఎక్సెంట్రిక్ అంటే కేంద్రం తప్పినది. ఆవిరి యంత్రంలో ఇరుసు నడిబొడ్డున కాకుండా ఒక పక్కకు బిగించిన చక్రానికి ఇదే పేరు. ఆ తప్పిన దూరం వల్లే గుండ్రటి తిరుగుడు కాస్తా ముందుకూ వెనక్కూ కదలికగా మారుతుంది, కవాటం తెరుచుకుంటుంది. మనిషి విషయంలోనూ ఈ మాటలో తిట్టు తక్కువ, మెచ్చుకోలు ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్ భూగర్భ శాస్త్రవేత్త విలియం బక్‌లాండ్ దొరికిన ప్రతి జంతువునూ వండించుకుని రుచి చూసేవాడు. నేలను తవ్వే మోల్ మాంసం, నీలి ఈగ అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నాయన్నాడని చెబుతారు. అదే మనిషి 1824లో మెగలోసారస్‌ను వర్ణించి, డైనోసార్ల శాస్త్రానికి తొలి అడుగు వేశాడు. ఎక్సెంట్రిక్ అంటే అలాంటివాడు: తన దారి తనది, ఎవరికీ హాని లేదు. దీనికి 'చాదస్తం' అని రాయించకు. చాదస్తం పాత పద్ధతిని పట్టుకు వేలాడుతుంది, ఎక్సెంట్రిక్ ఏ పద్ధతినీ పట్టించుకోడు.

వింతకూ నవ్వుకూ చుట్టరికం ఎక్కడ కలిసిందో హ్యూమర్ అన్న మాటలోనే ఉంది. లాటిన్‌లో అది తేమ, ద్రవం. మనకు వాత పిత్త కఫాలు ఉన్నట్టే యూరప్ వైద్యంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు హ్యూమర్లు. ఏది ముదిరితే మనిషికి ఆ స్వభావం. ఆ స్వభావం మరీ ముదిరితే చూసేవాళ్లకు నవ్వు. 1598లో బెన్ జాన్సన్ నాటకం 'ఎవ్రీ మాన్ ఇన్ హిజ్ హ్యూమర్' ఆడేనాటికి ఆ మాట వైద్యుడి చేతిలోంచి నాటకశాలకు వచ్చేసింది. స్పెల్లింగ్‌లో ఒక మెలిక ఉంది: బ్రిటిష్ పద్ధతిలో హ్యూమర్‌కు ఓ తర్వాత యూ ఉంటుంది, హ్యూమరస్‌లో ఆ యూ పోతుంది. పెద్దవాళ్లూ ఇక్కడ జారిపోతారు.

ఇక మిగతావి. క్వెయింట్ అంటే పాతకాలపు ముచ్చటైనది, పాత ఇళ్లకూ పల్లెలకూ వాడతారు. మనిషిని అంటే చిన్నచూపు. క్వర్కీ అంటే ముచ్చటైన తిక్క ఉన్నది, ముద్దు మాట, దుకాణానికైనా మనిషికైనా పనికొస్తుంది, సిఫారసు ఉత్తరంలో మాత్రం వద్దు. బార్మీ అంటే తిక్క; బార్మ్ అంటే పులుస్తున్న బీరు మీద తేలే నురగ, మన ఇడ్లీ పిండి పొంగినట్టు బుర్ర పొంగిందని. దీన్ని స్నేహితుల మధ్యే అనాలి. మరీ వింతైనది అనే అర్థమున్న బిజార్‌నూ మన బజార్‌నూ దాదాపు ఒకేలా పలుకుతారు కాబట్టి డిక్టేషన్‌లో రెండూ ఇచ్చి చూడు, సగం క్లాసు తారుమారు చేస్తుంది. వింత అనే అర్థమున్న వియర్డ్ స్పెల్లింగ్‌లో 'ఈ' అక్షరం ముందు, 'ఐ' అక్షరం తర్వాత.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు. పాత నిఘంటువుల్లో క్వియర్‌కు 'వింతైన' అని ఉంటుంది. ఇప్పుడది ఎల్‌జీబీటీ వాళ్లు, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు వంటివాళ్లు, తమను తాము చెప్పుకునే మాట. వస్తువు వింతగా ఉందని చెప్పడానికి ఆ మాట వాడనివ్వకు, ఆడ్ ఉండనే ఉంది.

జోకు చెప్పేవాడి మొహంలో నవ్వు లేకపోతే డెడ్‌పాన్. పాన్ అంటే అమెరికా వీధి భాషలో మొహం. పెదవి ఒక పక్కకు వంకర పోతే రై స్మైల్. స్పెల్లింగ్‌లో మొదట డబ్ల్యూ ఉంటుంది, పలకకూడదు. ఈ రెంటినీ చెప్పి ఊరుకోకు, క్లాసులో నటించి చూపించు, పిల్లలు ఏడాదైనా మరిచిపోరు.

బావగారికి నమస్కారాలు. డిక్టేషన్ పెట్టాక ఏ మాట దగ్గర ఎక్కువమంది తప్పారో రాయి.

నీ తమ్ముడు