వంత కూడా ఒక పాత్రే

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు వేదికల మీద కవిత్వం, నాటకం, బృందగానం కలిపి చేస్తున్న ప్రదర్శనలు అప్పుడప్పుడు కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ చాలావాటిలో ఒకరు కవిత చదివి తప్పుకుంటారు, ఇద్దరు నటించి వెళ్తారు, ఆనక బృందం వచ్చి పాడుతుంది. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ పుట్టిన గడ్డ మీద ఇలా చేయడమేమిటి? బుర్రకథలో వంతలు, అంటే కథకుడి పక్కన పాడేవాళ్లు, డక్కీలు వాయిస్తూ తందాన అంటూనే కథకుణ్ణి నిలదీస్తారు, ఎకసెక్కాలాడతారు. అక్కడ వంత కూడా ఒక పాత్రే.

స్క్రిప్టు రాసేటప్పుడే ప్రతి పంక్తికీ ఎదురుగా మూడు గడులు గీసుకోవాలి: చదివేదెవరు, నటించేదెవరు, పాడేదెవరు. ఒకేసారి రెండు గడుల్లో వేర్వేరు మాటలు పడితే ప్రేక్షకుడికి ఏదీ అందదు. నటుడు మాట్లాడుతుంటే బృందానికి అకారమో, మూసిన నోటి హమ్మింగో చాలు.

ఉత్పలమాల, శార్దూలం లాంటి వృత్తాలను ఇరవై మంది చేత పాడించకండి. అవి తాళానికి ఒదగవు, సంధులతో మాటలు అతుక్కుపోయి ఉంటాయి. పైగా యతి దగ్గర ఊపిరి తీసుకోమని కొందరు నేర్పుతున్నారు. తెలుగులో యతి అక్షరమైత్రి, విరామం కాదు. ఉత్పలమాలలో యతి పడే పదో అక్షరం మాట మధ్యలో రావొచ్చు, అక్కడ ఆపితే మాట విరుగుతుంది. వృత్తాన్ని ఒక్క నటుడికే వదిలేసి, బృందం అడుగున షడ్జమ పంచమాలు (స, ప) పట్టుకోవాలి. వాళ్లకు మాత్రాఛందస్సు ఇవ్వండి. మూడు, నాలుగు మాత్రల ముత్యాలసరం ఏడు మాత్రల మిశ్రచాపు తాళంలో ఇట్టే కుదురుతుంది.

అసలు చిక్కు స్వరరచనలో, అంటే అసలు వరుసకు తోడుగా రెండో వరుస కట్టడంలో ఉంది. కీబోర్డు అలవాటు కొద్దీ మోహన రాగంలో రికి జోడీగా మ వేస్తారు. మోహనలో మధ్యమమే లేదు, రాగం అక్కడే పోయింది! రాగంలోని స్వరాల్లోనే ఒకటి విడిచి తర్వాతిది పట్టాలి: సకు గ, రికి ప, గకు ద, పకు పై స, దకు పై రి. ఏ జంటా చెవికి గుచ్చుకోదు. హిందోళ రాగంలో పంచమం ఉండదు కాబట్టి శ్రుతిపెట్టెను మధ్యమానికి మార్చాలి. రెండు వరుసలు కలిసి పాడేచోట స్వరాలను ఊపే గమకాలు తగ్గించాలి, లేకుంటే జంట స్వరాలు స్థిరంగా నిలవవు. మన దగ్గర మగవాళ్లకు ఒకటి శ్రుతి (కీబోర్డు మీద సి), ఆడవాళ్లకు ఐదు (జి) అలవాటు. అందరికీ ఒకటి శ్రుతే పెట్టి, ఆడవాళ్ల వరుసను పంచమం చుట్టూ అల్లితే ఇద్దరికీ సుఖం.

ముందే రికార్డు చేసిన ట్రాకు మాత్రం వద్దు. నటుడు ఒక మాట దగ్గర ఆగితే అది ఆగదు.

ఇరవై నాలుగు మందిని మూడు వరుసల్లో నిలబెడితే రెండు కండెన్సర్ మైకులు సరిపోతాయి. ముందు వరుసకు మూడడుగుల దూరంలో, తలలకు కాస్త ఎత్తులో, ఒకదానికొకటి తొమ్మిది అడుగుల ఎడంతో పెట్టాలి. దగ్గరైతే ఒకే గొంతు రెండింట్లోనూ పడి డొల్లగా వినిపిస్తుంది. బృందం వైపు తిప్పి పెట్టే స్పీకరులో, అంటే మానిటర్‌లో, శ్రుతి, కీబోర్డు చాలు. వాళ్ల గొంతులే వాళ్లకు అందులో వినిపించబోతే అది మళ్లీ మైకులో పడి కూత వస్తుంది.

తుమ్మలపల్లి కళాక్షేత్రంలోగానీ, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోగానీ ఇలాంటి ప్రదర్శన పెట్టే నిర్వాహకులకు ఒక మనవి. హాలును ముందురోజు సాయంత్రానికి కూడా మాట్లాడుకుని, అదే వేదికపై అవే మైకులతో రిహార్సల్ జరిపించండి. శాలువాలు, ఉపన్యాసాలు ప్రదర్శన అయ్యాకే పెట్టుకోండి. ముందు పెడితే పాడేవాళ్లు తెర వెనుక గంటసేపు నిలబడాలి, సాధకం చేసి సిద్ధం చేసుకున్న గొంతులన్నీ మళ్లీ బిగుసుకుపోతాయి.

- కొందరు రంగస్థల, సంగీత కార్యకర్తలు, విజయవాడ