నల్లేరు మీద బండి ఆగిపోయింది మంత్రిగారూ

దేశీయ వైద్యం చూసే మంత్రివర్యులకు నమస్కారాలు.

ఇది నాలుగో అర్జీ. మొదటి మూడూ మీ ఆఫీసులో క్షేమంగా ఉన్నాయనుకుంటాను. ఒకదానికి 'పరిశీలనలో ఉంది' అని జవాబు కూడా వచ్చింది, సంతోషం. మా నల్లేరు ప్రాజెక్టు, అంటే విరిగిన ఎముకలకు నల్లేరు తీగ ఎంతవరకు పనికొస్తుందో ల్యాబులో ఎముక కణాల మీద చూసే పని, మీకు తెలుసు, వివరాలు మళ్లీ చెప్పను. రెండో విడత డబ్బు రావాల్సిన రోజు దాటి 11 నెలలైంది.

ఎముక కణాలకు విడతలు, ఫైళ్లు తెలియవండీ. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండాలి. రెండు మూడు రోజులకోసారి మేత, అంటే అవి పెరిగే పోషక ద్రవం, మార్చాలి. ఆ మేతలో కలిపే, పశువుల రక్తం నుంచి తీసే సీరం అర లీటరు సీసా కొనాలంటే నా నెల ఫెలోషిప్ చాలదు. ఆ ఫెలోషిప్పూ రావడం లేదు కాబట్టి పోలిక అనవసరం.

నల్లేరు సారం వేసిన కణాలను 21 రోజులు కాపాడి అలిజరిన్ రెడ్ రంగు వేస్తే, కాల్షియం పేరుకున్న చోటల్లా, అంటే ఎముక కడుతున్న చోటల్లా, ఎర్రగా కనబడుతుంది. మొదటిసారి చూసిన రోజు అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. పోయిన వేసవిలో 16వ రోజున మా మేత అయిపోయింది. పక్క ల్యాబులో అప్పు తెచ్చాను. 18వ రోజుకి వాళ్లదీ అయిపోయింది. మర్నాడు చూస్తే కణాలు వాటిని పెంచే ఫ్లాస్కు అడుగు వదిలేసి పైకి తేలాయి, అంటే పోయినట్టే.

1960లలోనే బెనారస్‌లో జంతువుల విరిగిన ఎముకల మీద నల్లేరును పరీక్షించారు. ఇన్నేళ్లయినా మనిషికి ఎంత మోతాదు, ఏ కాలంలో కోసిన తీగ అంటే గట్టిగా చెప్పలేకపోతున్నాం. ఫ్లాస్కులో పనిచేసింది కదా అని కాలు విరిగినవాళ్లకి నేను నల్లేరు కట్టుకోమనను, ముందు ఎక్స్‌రే తీయించుకోమంటాను. ఆ సంగతి తేల్చమనే కదా మీరు ప్రాజెక్టు ఇచ్చింది? సభల్లో మాత్రం పూర్వీకుల విజ్ఞానం అంటూ మా చేత చప్పట్లు కొట్టిస్తారు.

దయచేసి డబ్బు ఇప్పించండి. ఇవ్వలేకపోతే ప్రాజెక్టు ఆపేశామని ఒక్క కాగితమైనా ఇవ్వండి, ఇంకో పని వెతుక్కుంటాను. లేదు, డబ్బే ఇప్పించండి. మా దగ్గర ఇంకా రెండు వయల్స్ (చిన్న సీసాలు) కణాలు ద్రవ నైట్రోజన్ చలిలో గడ్డకట్టించి దాచినవి ఉన్నాయి. నైట్రోజన్ పోసే ఆయనకి మూడు నెలల బాకీ. సోమవారం దాకా ఆగుతానన్నాడు.

ఇట్లు,
ఫెలోషిప్ లేని ఒక ప్రాజెక్టు ఫెలో