గుంత తవ్వి చూడకుండా ఇక షెడ్డు పునాదికి ధర చెప్పం

మా చేత పశువుల కొట్టాలు, కోళ్ల షెడ్లు, ట్రాక్టరు షెడ్లు కట్టించుకోవాలనుకుంటున్న రైతులకు ఒక విషయం ముందే చెప్పాలి. ఇకపై స్థలంలో గుంత తవ్వి నేల చూడనిదే పునాదికి ధర చెప్పం. ఫోనులో కొలతలు చెబితే రేకులకు, ఇనుముకు ఎంతవుతుందో వెంటనే లెక్క వేసి ఇస్తాం. పునాది లెక్క మాత్రం గుంత చూశాకే. దీనివల్ల కొందరికి పని మొదలవడం ఆలస్యమవుతుంది, నల్లరేగడి ఉన్నవారికి ఖర్చు కూడా పెరుగుతుంది. పని సగంలో ఉండగా ఈ మాట చెప్పడం కంటే బయానా తీసుకోకముందే చెప్పడం న్యాయమని మా నమ్మకం.

"పెద్ద ఇంటికైతే సరే, రేకుల షెడ్డుకు మట్టి పరీక్ష ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. నల్లరేగడిలో లెక్క తలకిందులుగా ఉంటుంది. ఆ మట్టిలోని బంక ఖనిజం నీరు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. ఉబ్బినప్పుడు పునాదిని పైకి తోస్తుంది. రెండంతస్తుల ఇల్లయితే తన బరువుతో ఆ తోపును కొంతవరకైనా అణచి ఉంచుతుంది. రేకుల షెడ్డుకు అంత బరువెక్కడిది? పైగా పశువుల కొట్టంలో కడుగునీళ్లు, మూత్రం రోజూ ఒకే పక్కకు పారుతాయి. ఆ పక్క మట్టి ఏడాది పొడవునా తడిగా, ఎదుటి పక్క ఎండి ఉంటుంది. ఒక వైపు లేచి మరో వైపు కుంగితే గోడ ఏటవాలుగా పగులుతుంది, గేటు పట్టేస్తుంది, రేకుల బోల్టుల దగ్గర నీరు కారుతుంది.

నేల పైరంగు చూసి చెప్పేయవచ్చు కదా అని అనిపిస్తుంది. దేవరకొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎర్ర చల్క ఎక్కువ. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న అలంపూర్ వైపు నల్లరేగడి విస్తారం. కానీ ఊరి పేరును బట్టి పునాది వేయలేం. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ఎంతోమంది రైతులు చెరువు పూడిక మట్టిని చల్క పొలాల్లో తోలుకున్నారు. పంటకు అది మేలే చేసింది. అయితే అలాంటి చోట పైన నల్లగా కనిపించేది తోలిన పూడిక మట్టి, దాని కిందే అసలు ఎర్ర నేల, ఆ కింద మొరం (గులకతో కూడిన గరుకు మట్టి) ఉంటాయి. దీనికి విరుద్ధంగా, ఇంటి దగ్గర ఎత్తు చేయడానికి మొరం పోసిన చోట పైన ఎర్రగా ఉండి కింద రేగడి ఉండవచ్చు. అందుకే గుంత.

షెడ్డు చిన్నదైతే మధ్యలో ఒక్క గుంత చాలు. పునాదుల కోసం నేలను పరిశీలించే పద్ధతిపై ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1892 కూడా చిన్న కట్టడాలకు అదే చెబుతుంది. పొడవాటి కోళ్ల షెడ్డుకు రెండు చివర్లా, మధ్యలోనూ తవ్విస్తాం. పొరలను గట్టు మీది నుంచే చూస్తాం. ఐదడుగులు దాటిన గుంతలోకి, పక్కల మట్టి విరిగిపడకుండా ఆసరా పెట్టకుండా, దయచేసి ఎవరూ దిగవద్దు. ఒరిగిన మట్టి కింద చిక్కుకుంటే బయటపడే వ్యవధి ఉండదు.

గడ్డపార పోటును నమ్ముకోవడం కూడా సరికాదు. మే నెల ఎండలో రేగడి రాయిలా ఉంటుంది. గడ్డపార ఎగిరిపడుతుంది, "ఇంత గట్టి నేలకు భయమేమిటి" అనిపిస్తుంది. అదే మట్టి ఆగస్టులో చెప్పులకు అంటుకొని వదలదు. కాబట్టి గుంతలోంచి తెచ్చిన మట్టిని ఆరబెట్టి, జల్లించి, పది గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో వేస్తాం. ఒకదానిలో స్వేదనజలం, మరోదానిలో కిరోసిన్ పోస్తాం. కిరోసిన్‌లో బంకమట్టి ఉబ్బదు. 24 గంటల తర్వాత రెండింటి మట్టం పోలుస్తాం. కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల దగ్గర, నీటిలో 16 దగ్గర నిలిస్తే ఉబ్బు 60 శాతం. 50 దాటితే చాలా ప్రమాదకరమైన నేల కింద లెక్క. ఈ పరీక్ష ఉబ్బే గుణాన్ని మాత్రమే చెబుతుంది, ఎంత బరువు మోయగలదో చెప్పదు. పెద్ద షెడ్లకు ఆ పరీక్షను ప్రయోగశాలలోనే చేయించాలి, దాని రుసుము వేరు.

రేగడి పొర మూడు నాలుగు అడుగులే ఉంటే దాన్ని దాటి మొరం మీదే పిల్లర్ల ఫుటింగులు (పిల్లరు అడుగున వేసే కాంక్రీటు దిమ్మెలు) వేస్తాం. అన్నిటికంటే నమ్మకమైన దారి ఇదే. పొర లోతుగా ఉంటే చేతి ఆగర్‌తో (చేత్తో తిప్పే బరమాతో) సుమారు మూడున్నర మీటర్లు రంధ్రం చేసి, అడుగున ఉబ్బెత్తుగా తవ్వి కాంక్రీటు పోసే అండర్‌రీమ్డ్ పైల్స్ వేయాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన నల్లరేగడుల కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. వాటిపై వచ్చే బీములకూ నేలకూ మధ్య ఖాళీ వదలాలి, లేకపోతే ఉబ్బిన మట్టి బీమునే తోస్తుంది. ఖర్చు పెరిగేది ఇక్కడే. కందకంలో ఇసుక నింపి సరిపెట్టమని అడిగేవారున్నారు. రేగడిలో తవ్విన కందకంలో ఇసుక పోస్తే వాననీరు అందులో నిలిచి, చుట్టూ ఉన్న మట్టికి నెలల తరబడి తడి అందిస్తుంది. ఆ పని మేము చేయం, చేసే మేస్త్రీలు దొరికినా చేయించుకోవద్దని కోరుతున్నాం.

ఎర్ర నేలల్లో ఇంత కష్టం లేదు. ఒక ఫుటింగు బండ మీద, పక్కది వదులు మట్టి మీద పడకుండా చూసుకుంటే చాలు.

గుంత తవ్వే యంత్రం కిరాయి మీరే భరించాలి. పరీక్ష ఫలితం కాగితం మీద రాసి మీ చేతికే ఇస్తాం. ఆ కాగితంతో మీరు ఎవరి చేతనైనా కట్టించుకోవచ్చు, మాకేమీ అభ్యంతరం లేదు.

ఫోను చేసేముందు ఇంట్లో పెద్దవాళ్లను రెండు విషయాలు అడిగి పెట్టుకోండి: ఆ స్థలంలో పూడ్చిన పాత బావి ఏదైనా ఉందా, ఈమధ్య పెద్ద చెట్టు కొట్టేశారా. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు గ్రామాలవారు నాట్ల సమయంలో బావిలో నీరు ఎంత లోతున ఉంటుందో కూడా చెప్పండి. రేగడి స్థలాల్లో గుంతలు వానలు పడకముందే తీస్తాం. జూన్ తర్వాత అడిగినవారికి మళ్లీ నేల ఆరాకే వస్తాం.