ఆడవారి కారంటే రంగేనా?

సంపాదకులకు,

ఒంటరి మహిళలకు వయసును బట్టి సరిపోయే కార్లంటూ మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఇరవైలలో ముద్దొచ్చే చిన్న కారట, ముప్పైలలో హోదా చాటే కారట, యాభై దాటితే హుందాగా ఉండే సెడానట. రంగుల గురించి బోలెడంత రాశారు. బ్రేకుల గురించి ఒక్క వాక్యం లేదు. పెళ్లి చేసుకోకుండా, నా కారు నేనే నడుపుకుంటూ యాభైలలోకి వచ్చినదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒంటరిగా ఉండే స్త్రీ కారు కొనేటప్పుడు వేసుకునే లెక్క వేరు. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒక బండి మొరాయిస్తే ఇంకొకటి ఉంటుంది, లేదా దింపి వచ్చే మనిషి ఉంటాడు. ఆమెకు ఆ వెసులుబాటు లేదు. రోజూ ఉద్యోగానికి తీసుకువెళ్లేదీ, ఇల్లు మారితే సామాను మోసేదీ, అర్ధరాత్రి తల్లిని ఆసుపత్రికి చేర్చేదీ ఆ ఒక్క కారే. వాయిదాలు కట్టేది ఒక్క జీతమే. ఇరవైలలో ఎక్కువమంది సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొనేది అందుకే. ముద్దొచ్చి కాదు, అందింది అదే కాబట్టి. ముప్పై దాటి చేతిలో కాస్త డబ్బు ఆడితే ముందు మారేది గేరు. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి విసిగిపోయినవారు ఆటోమేటిక్ వైపు చూస్తారు.

ఆ తర్వాతి వయసుల సంగతి మీ వ్యాసానికి అసలు అంతుపట్టలేదు. విడాకులు తీసుకున్నవారు, భర్తను పోగొట్టుకున్నవారు చాలాసార్లు తాము ఎంచుకోని కారుకు యజమానులవుతారు. ఎవరో పొడవాటి మనిషి తనకు నచ్చి కొనుక్కున్న పెద్ద బండి అది. సీటు ఎంత ముందుకు జరుపుకున్నా బానెట్ ఎక్కడ ముగుస్తుందో తెలియదు. కొందరు వెంటనే అమ్మేస్తారు, కొందరికి మనసొప్పదు. అరవై దాటాక నిర్ణయమంతా మోకాళ్లది, మెడది. సీటు మరీ కిందికి ఉంటే లేవడం కష్టం, మరీ ఎత్తుగా ఉంటే ఎక్కడం కష్టం. ఆ వయసులో చిన్న ఎస్‌యూవీ కొన్న స్త్రీని చూసి, ఇప్పుడు కుర్రతనం వచ్చిందని నవ్వేవాళ్లను నేను ఎరుగుదును. నడుము వంచకుండా పక్కకు తిరిగి కూర్చోగలిగే ఎత్తులో సీటు ఉందని ఆమె కొనుక్కుంది, అంతే. మెడ పూర్తిగా తిరగనివారికి వెనక కెమెరా కూడా విలాసం కాదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే హైవే భద్రతా సంస్థ 1998 నుంచి 2015 వరకు జరిగిన ప్రమాదాలను పరిశీలించి 2021లో ఫలితాలు వెల్లడించింది. ముందువైపు ఢీకొన్న ప్రమాదాల్లో ఎముకలు విరగడం వంటి గాయాలయ్యే అవకాశం పురుషులకంటే స్త్రీలకు 3 రెట్లు ఎక్కువని తేలింది. అందుకు ఒక పెద్ద కారణం వాళ్లు నడిపే కారే. స్త్రీలు చిన్న, తేలికైన కార్లలో ఉన్నారు. ప్రమాదానికి గురైన పురుషుల్లో 20 శాతానికి పైగా పికప్ ట్రక్కులు నడుపుతుండగా, స్త్రీలలో అలాంటివారు 5 శాతం కూడా లేరు. బరువైన బండి తేలికైనదాన్ని గుద్దితే ఎవరికి ఎక్కువ దెబ్బ తగులుతుందో వేరే చెప్పాలా? అనుభవం ఇంకా రాని ఇరవయ్యేళ్ల అమ్మాయి అందరికంటే తేలికైన, అందరికంటే పాత కారులో రోడ్డెక్కుతోంది. ఆమెకు సలహా ఇవ్వదలిస్తే ఇలా చెప్పండి: అదే డబ్బుకు హంగులున్న బుల్లి కారు కంటే, కొంచెం ఎక్కువ తిరిగినదైనా కాస్త బరువున్న, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కారు మేలు. మలుపులో బండి జారబోతే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టేది అదే.

ఒకే రకం ప్రమాదాలను మాత్రమే పోల్చి చూసినప్పుడు స్త్రీ పురుషుల గాయాల్లో ఆ తేడా బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కాళ్ల గాయాల విషయంలో మరీ స్పష్టంగా మిగిలింది. కార్లను గోడకు గుద్ది పరీక్షించేటప్పుడు డ్రైవరు సీట్లో దశాబ్దాలుగా కూర్చుంటున్న డమ్మీ, అంటే మనిషి బదులు పెట్టే బొమ్మ, సగటు పురుషుడిది: 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు. దాని రూపకల్పన 1976 నాటిది. స్త్రీ డమ్మీ కూడా ఉంది, లేకపోలేదు. కానీ అది ప్రధానంగా ఆ పురుషుడి డమ్మీని కుదించి చేసినదే. ఎత్తు దాదాపు 150 సెంటీమీటర్లు, బరువు 50 కిలోల లోపు. అమెరికా ప్రభుత్వం కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే ముందువైపు పరీక్షలో దాన్ని కూర్చోబెట్టేది పక్క సీట్లో. ఒంటరి స్త్రీ కారులో పక్క సీట్లో సాధారణంగా ఉండేది ఆమె చేతిసంచి! స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో సగటు స్త్రీ కొలతలతో, 162 సెంటీమీటర్లు, 62 కిలోల డమ్మీని తయారుచేసి చూపించింది. కాబట్టి సాధ్యం కాదన్న సాకు ఇక చెల్లదు. పరీక్షల నిబంధనలు రాసేవారు అలాంటి డమ్మీని డ్రైవరు సీట్లో తప్పనిసరి చేయాలి.

ఆడవారి కోసమని తయారీదారులు ఎప్పుడూ ఏమీ చేయలేదని అనను. 1955లో డాడ్జ్ కంపెనీ లా ఫామ్ అని గులాబీ రంగు కారు తెచ్చింది, దానికి తగిన చేతిసంచి, గొడుగు, లిప్‌స్టిక్ పెట్టెతో సహా. మరుసటి ఏడాదితో దాని కథ ముగిసింది. 2004లో వోల్వోలో స్త్రీల బృందం ఒక నమూనా కారు రూపొందిస్తే, పోనీటెయిల్ వేసుకున్నవారు హాయిగా ఆనుకునేలా తల ఆనించే దిండులో గాడి పెట్టారు, మూత తిప్పే పని లేకుండా ఇంధనం నింపుకునే ఏర్పాటు చేశారు. అది మార్కెట్‌కు రానే లేదు. గొడుగుకీ గాడికీ తేడా తెలిసినవాళ్లు ఆ రెండో బృందంలో ఉన్నారు.

ఇక మీ పేజీకి నా విన్నపం. కారు నడిపి చూసి రాసేవారిలో ఒక పొట్టి స్త్రీని, అరవై దాటిన మరొకరిని చేర్చండి. పెడల్స్ అందేలా సీటు జరుపుకున్నాక స్టీరింగుకూ ఛాతీకీ మధ్య, ఎయిర్‌బ్యాగ్ సురక్షితంగా తెరుచుకోవడానికి కావలసిన 25 సెంటీమీటర్ల ఖాళీ మిగిలిందో లేదో టేపు పెట్టి కొలిచి రాయండి. భద్రతా నక్షత్రాలు అచ్చువేసే చోట, ఆ పరీక్షలో డ్రైవరు సీట్లో ఏ డమ్మీని పెట్టారో ఒక్క మాట వేయండి. కంపెనీ చెప్పకపోతే, అడిగినా చెప్పలేదని వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు