గుంటూరు నుంచి గన్నవరానికి నేరుగా బస్సు వేయండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ నుంచి విశాఖకు విమానంలో గంటేనంటారు, అది నిజమే. గన్నవరం, విశాఖ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం దాదాపు 290 కిలోమీటర్లు. ఇలాంటి దగ్గరి రూట్లలో తిరిగే ఏటీఆర్ 72 విమానం వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. గాల్లో ఉండేది నలభై నిమిషాలకు అటూ ఇటూ. విమానం ఇక్కడ నిలిపిన చోటు నుంచి కదిలి, అక్కడ దిగి ఆగేదాకా పట్టే సమయమంతా టికెట్ మీద వేస్తారు కాబట్టి గంట అవుతుంది.

మా గుంటూరు వాళ్లకు మాత్రం ప్రయాణం ఇంటి గుమ్మంలోనే మొదలవుతుంది. ఇక్కడి నుంచి గన్నవరం 55 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మంగళగిరి వరకు బండి సాఫీగానే పోతుంది. వారధి ఎక్కాక బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగ్, ఎనికేపాడు, నిడమానూరు దాటేసరికి ఎంత సేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారన్న భయంతో మూడు గంటల ముందే బయల్దేరతాం. అంటే విశాఖలో దిగేసరికి నాలుగు గంటలు. విజయవాడ నుంచి విశాఖకు వందేభారత్ రైలుకు పట్టేదీ సుమారు అంతే. ఇక విమానం వల్ల కలిసొచ్చిందేమిటి?

టాక్సీ ఖర్చు భరించలేనివాళ్లు విజయవాడ బస్టాండులో మారి, ఏలూరు బస్సెక్కి, విమానాశ్రయం ఎదుట హైవే మీద దిగుతారు. అక్కడ ఒక పెద్దాయనను చూశాను. సూట్‌కేస్ చక్రం ఒకటి ఊడిపోతే దాన్ని భుజానికెత్తుకుని నడుస్తున్నారు. వెనక ఆయన భార్య, ఆవకాయ డబ్బా పెట్టి తాడుతో కట్టిన సంచి రెండు చేతులా పట్టుకుని, ఎండలో ఆగుతూ ఆగుతూ టెర్మినల్ దాకా వెళ్లారు. విమానం ఎక్కే ప్రతివాళ్లకూ కారుంటుందని ఎవరనుకున్నారో గానీ, చూస్తే కడుపు తరుక్కుపోయింది.

హైదరాబాద్‌లో ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఊరి నలుమూలల నుంచి శంషాబాద్‌కు ప్రయాణికులను చేరవేస్తున్నాయి. మనకూ అలాంటి బస్సు కావాలి. విమానాల వేళలు చూసి, గుంటూరు బస్టాండు నుంచి మంగళగిరి మీదుగా టెర్మినల్ గుమ్మం దాకా నడపాలి. సామాను పెట్టుకునే చోటుండాలి. కాజ నుంచి గొల్లపూడి మీదుగా చినఅవుటపల్లి వెళ్లే పశ్చిమ బైపాస్ గన్నవరం పక్కకే చేరుస్తుంది. కాస్త చుట్టయినా ఆ దారిన తిప్పితే బెంజి సర్కిల్ బెడద ఉండదు.

విమాన సంస్థలకూ ఒక విన్నపం. పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి తిరిగొచ్చేలా నేరు సర్వీసుల వేళలు పెట్టండి. అవి కుదరనప్పుడు హైదరాబాద్ మీదుగా టికెట్ చూపిస్తారు. ఇక్కడి నుంచి అక్కడికి సుమారు 265, అక్కడి నుంచి విశాఖకు సుమారు 510, మొత్తం 775 కిలోమీటర్లు! 290 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి ఇదేం దారి? చిన్న నగరాలను కలపాలనే కదా 2016లో ఉడాన్ పథకం తెచ్చింది.

ముందు బస్సు సంగతి చూడండి. దానికి కొత్త రన్‌వే అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. ఆర్టీసీ, విమానాశ్రయ అధికారులు కూర్చుని మాట్లాడుకుంటే చాలు. మొదట తెల్లవారుజామున వెళ్లే విమానాలకు అందేలా ఒక సర్వీసు వేసి, దాని వేళలు గుంటూరు బస్టాండులో బోర్డు మీద రాయించాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు