ఆట ఆగిన చోట రెండు ముక్కలు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు ఫోన్లు పట్టుకుని మ్యాప్ ఆటలు, అంటే నిజమైన చోట్లకి నడిచి వెళ్తేనే ముందుకు సాగే ఆటలు, ఆడుతూ రోడ్ల వెంట తిరుగుతున్నారని ఈ మధ్య చాలామంది కోప్పడుతున్నారు. నాకైతే మంచం మీద పడుకుని ఆడే ఆట కంటే నాలుగు అడుగులు వేయించే ఆటే నయం అనిపిస్తుంది. నా బాధ వేరే.

మొన్న సెలవుల్లో మా తమ్ముడి కొడుకుని వరంగల్ కోటకి తీసుకెళ్లాను. వాడి ఫోన్లో అలాంటి ఆట ఒకటి ఉంది, పేరు అనవసరం. తోరణం దగ్గరికి రాగానే స్క్రీన్ మీద గుండ్రటి గుర్తు వెలిగింది. అందులో తోరణం ఫొటో, పైన ఇంగ్లీషులో పాత రాతి ద్వారం అని, అంతే. వాడు వేలితో గిర్రున తిప్పాడు, ఏవో బహుమతులు వచ్చాయి, తల ఎత్తకుండానే ఇంకో గుర్తు వైపు నడిచాడు. భుజం పట్టుకుని ఆపి, "ఒరేయ్, ఇలాంటివి నాలుగున్నాయి, నాలుగు దిక్కులకీ ఒక్కోటి, మధ్యలో పెద్ద శివాలయం ఉండేది, మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే" అన్నాను. అప్పుడు తలెత్తి చూశాడు. "మిగతా మూడు ఎక్కడత్తా?" అని అడిగి, ఎండలో నాలుగూ తిరిగి లెక్కపెట్టొచ్చాడు. నేను చెప్పిన ఆ రెండు ముక్కలు ఆటే చెప్పి ఉండొచ్చు కదా!

అలాగని పాఠం మొత్తం తెచ్చి స్క్రీన్ మీద కుమ్మరిస్తే ఎవరూ చదవరు, ముప్పై మంది పిల్లలకి సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి ఇది నాకు బాగా తెలుసు. ఇలాంటి ఆటే అయిన పోకెమాన్ గోని తయారుచేసిన నియాంటిక్ అనే కంపెనీ వాళ్లే 2012లో ఫీల్డ్ ట్రిప్ అని ఒక యాప్ తెచ్చారు. మనం ఒక చోటికి దగ్గరగా వెళ్తే దాని చరిత్ర, విశేషాలు అదే చూపించేది. మంచి ఆలోచనే, కానీ తర్వాత మూతపడింది. అదే ఏడాది వాళ్లు తెచ్చిన ఇంగ్రెస్ ఆట మాత్రం నిలబడింది, దాని ఆటగాళ్లు గుర్తించి పంపిన చోట్లే 2016లో పోకెమాన్ గోకి చాలావరకు పునాది అయ్యాయి. జనాన్ని నడిపించింది ఆటే. కాబట్టి సమాచారం ఆటలోనే దూరాలి, వేలు ఆగే ఆ రెండు మూడు సెకన్లలోనే. తోరణాలు నాలుగూ చూసినవాళ్లకి ఇంకో బహుమతి అంటే చాలు, వాడు పరిగెత్తుతాడు.

పనికొచ్చే సంగతులు కూడా పెట్టాలి. మంచినీళ్లు ఎక్కడ, గేటు ఎన్నింటికి మూస్తారు, మెట్లబావి లోతుగా ఉంది జాగ్రత్త అని. ఆడకూడని చోట్లు కూడా ఉంటాయి. 2016లో వాషింగ్టన్‌లో యూదుల ఊచకోతని గుర్తుచేసే హోలోకాస్ట్ మ్యూజియం వాళ్లు ఇక్కడ ఆడొద్దని జనాన్ని కోరాల్సి వచ్చింది, హిరోషిమా శాంతి స్మారక పార్కులో గుర్తులని అదే ఏడాది ఆగస్టు 6 సంస్మరణకి ముందే తీసేశారు. చనిపోయినవాళ్లని తలుచుకునే చోట గిర్రున తిప్పే గుర్తులేంటి?

ఇంకో మాట. పోకెమాన్ గోకి 2023లో హిందీ వచ్చింది. తెలుగు కూడా రావాలని మనం గట్టిగా అడగాలి. ఈ ఆటలో కొత్త చోటు ఫొటో, పేరు, వివరణ పంపేది ఆటగాళ్లే, వాటిని చూసి ఓటేసేదీ చాలావరకు తోటి ఆటగాళ్లే. అంటే ఆ వివరణ పెట్టెలో ఏం రాయాలో సగం మన పిల్లల చేతుల్లోనే ఉంది. కాలేజీల్లో, బడుల్లో పిల్లల చేత వాళ్ల ఊరి గుడి, కోట, బావి గురించి రెండేసి వాక్యాలు రాయించి పంపిస్తే ఎంత బాగుంటుంది! మీరు మీ జిల్లా పేజీల్లో ఒక వారం పాటు ఇలాంటి వాక్యాలు అడిగి వేయండి, మా బడి నుంచి నేను పంపిస్తాను.

మావాడు అప్పుడే నోట్‌బుక్‌లో ఒకటి రాసుకున్నాడు: "ఇలాంటివి నాలుగున్నాయి. మిగతా మూడు వెతుకు."

— ఒక టీచర్, హనుమకొండ