మూలుగ దాకా చేరే మందు మీద మన ల్యాబులు పనిచేయాలి

సంపాదకుల వారికి,

పాడేరు ఏజెన్సీలో సైన్సు పాఠాలు చెబుతాను. చలి ముదిరితే నా తరగతిలో ఒకటి రెండు చోట్లు ఖాళీ అవుతాయి. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న పిల్లలకు చలి పడదు. కొడవలిలా వంగిన ఎర్ర కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, ఎముకలు పిండేసినట్టు నొప్పి పెడతాయి.

2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మంచి పని. "కార్డు వచ్చింది, తర్వాతేంటి మేడమ్?" అని ఓ తల్లి అడిగితే మాత్రం నాకు మాట రాలేదు. ఇప్పుడిచ్చే హైడ్రాక్సీయూరియా మాత్ర నొప్పులను తగ్గిస్తుంది, జబ్బును తీసెయ్యదు.

అదే ఏడాది డిసెంబరులో అమెరికా అనుమతించిన జన్యు చికిత్స కాస్జెవీ ధర అక్కడ 22 లక్షల డాలర్లు. డబ్బు సంగతి అలా ఉంచితే, అందులో రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలను బయటికి తీసి సరిచేయాలి. ఘాటైన కీమోతో, ఆ కణాలుండే పాత ఎముక మూలుగను ఖాళీ చేశాకే వాటిని తిరిగి ఎక్కించాలి. వారాల తరబడి పెద్దాసుపత్రిలో ఉండాలి. ఏజెన్సీ పిల్లలకు అది అందేదేనా?

మనకు కావలసింది మూలకణాలను మూలుగలోనే సరిచేసే, సూదిమందుగా ఇవ్వగలిగే చికిత్స. కొన్ని కోవిడ్ టీకాల్లో, కణాలకు ఆదేశాలిచ్చే ఆర్‌ఎన్‌ఏను మోసిన కొవ్వు నానో కణాలే దానికీ వాహనం. చిక్కల్లా ఒక్కటే: రక్తంలోకి ఎక్కించగానే అపోఈ అనే ప్రోటీన్ వాటికి అంటుకుంటుంది, దాన్ని గుర్తుపట్టి కాలేయం వాటిని లాగేసుకుంటుంది. 2018లో అనుమతి పొందిన పాటిసిరాన్ కాలేయం మీద పనిచేసే మందు కాబట్టి దానికి ఇది కలిసొచ్చింది. మూలుగకు చేరాలంటే నానో కణం మీద చిరునామా రాసి పంపాలి. 2023లో అమెరికా పరిశోధకులు ఆ పనే చేశారు. మూలకణాల మీదుండే సీడీ117 అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలను నానో కణాలకు అతికించి, ఎలుకల మూలుగలోకి ఆర్‌ఎన్‌ఏను చేర్చారు. ఎలుకల్లో అయింది కదా అని తల్లులకు రేపే మందొస్తుందని నేను చెప్పను. మన ప్రయత్నం ఇప్పుడే మొదలవ్వాలని మాత్రం గట్టిగా అడుగుతాను.

మనకు చేతకానిదేమీ కాదు. పుణెలో తయారైన ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాకు 2022లో అత్యవసర అనుమతి వచ్చింది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా అదే ఏడాది ఆ సాంకేతికతను సొంతంగా రూపొందించింది. సికిల్ సెల్ మిషన్ డబ్బులో కొంత ఇలాంటి ల్యాబులకు, మూలుగను చేరే నానో కణాల కోసమే కేటాయించాలి. ప్రభుత్వ సొమ్ముతో మందు తయారైతే, గిరిజన ప్రాంతాల్లో ఉచితంగా ఇవ్వాలన్న షరతు ముందే రాసుకోవాలి.

ఈలోగా హైడ్రాక్సీయూరియా నెలనెలా పీహెచ్‌సీలోనే దొరకాలి. ఆ మాత్రల కోసం నొప్పితో ఉన్న పిల్లను ఎత్తుకుని ఘాట్ రోడ్డు దిగాల్సిన అవసరం ఏ తల్లికీ రాకూడదు.

— ఒక ఉపాధ్యాయురాలు, పాడేరు